మేడి పట్టని చెయ్యి

వత్సవాయి చుట్టుపక్కల సీతారావమ్మను ఎరగనివాళ్లంటూ ఉంటే వాళ్లు ఈ మధ్యనే పుట్టి ఉండాలి, కాదంటే జన్మలో పత్తిచేను గట్టు తొక్కనివాళ్లయినా అయి ఉండాలి. అరవై దాటిన మనిషి. పొట్టిగా ఉంటుంది, మాట పెళుసు. మిరపకాయల బేరగాళ్లు ఆవిడ కల్లంలోకి అడుగుపెట్టే ముందు ఓసారి గొంతు సవరించుకుంటారు. మొగుడు చిన్నవయసులోనే పోతే చంకలో పిల్లతో, నాలుగెకరాల నల్లరేగడితో మిగిలింది. ఆ పొలంలో ఒక్క సెంటు కూడా అమ్మకుండా పిల్లను చదివించింది. ఆ పిల్ల రాజ్యశ్రీ ఇప్పుడు నందిగామలో హైస్కూలు టీచరు. సీతారావమ్మ మాత్రం ఊళ్లోనే ఉంది, ఇవాళ్టికీ పత్తి వేస్తూనే ఉంది. మందు కొట్టింది, నీళ్లు కట్టింది, పత్తి బోరాలు భుజాన మోసింది. వ్యవసాయంలో ఆవిడ చెయ్యని పని లేదు.

ఒక్కటి తప్ప. ఆవిడ నాగలితో దున్నలేదు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, దున్ననివ్వలేదు.

మా వైపు పల్లెల్లో ఆడది మేడి పట్టకూడదు. మేడి అంటే నాగలికి వెనకవైపు, దున్నేవాడు చేత్తో పట్టుకునే కర్ర. ఆడది కలుపు తియ్యొచ్చు, నాటు వెయ్యొచ్చు, కోత కొయ్యొచ్చు, మెడలు విరిగేలా మోపులు మొయ్యొచ్చు. అందుకు ఎవరికీ అభ్యంతరం లేదు. మేడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం భూదేవికి కోపం వచ్చేస్తుంది, మేఘం మొహం తిప్పేసుకుంటుంది. ఆడది అరక కట్టిన ఏడు వాన ఉండదట! ఎవరు చెప్పారో, ఏనాడు చెప్పారో ఎవరికీ తెలియదు గానీ అందరూ నమ్మారు. సీతారావమ్మ కూడా నమ్మింది, ఆ ఏడు వచ్చేదాకా.

ఆవిడ మొగుడు భవానీప్రసాద్‌ను మిరపతోటలో పాము కరిచింది. ఆ తర్వాతి తొలకరికి మంచి వాన పడింది. నేల పదునెక్కింది. పదును మన చుట్టం కాదు, మనకోసం కూర్చోదు. రెండు మూడు రోజుల్లో దున్ని విత్తనం పెట్టకపోతే ఇక అంతే సంగతులు. అరకలున్నవాళ్లు ఎవరి చేలు వాళ్లు దున్నుకుంటున్నారు. సీతారావమ్మ ఏ గుమ్మం ముందు నిలబడినా "రేపొస్తాలేమ్మా" అన్నవాళ్లే. ఆడపడుచు ప్రమీలారాణిది కూడా ఆ ఊరే. భవానీప్రసాద్‌కి అక్క. ఆవిడ మొగుడు కూడా తన చేను దున్నడం అయ్యాకే వస్తానన్నాడు. తప్పు పట్టడానికి లేదు, ఎవరి తొందర వాళ్లది. కానీ ఇంట్లో మొగుడి ఎడ్లు రెండూ నెమరేస్తూ నిలబడి ఉన్నాయి. మొగుడి నాగలి పంచలో గోడకి ఆనించి ఉంది. అన్నీ ఉన్నాయి, మనిషి లేడు. పదును పోతోంది.

మర్నాడు తెలతెలవారుతుండగా సీతారావమ్మ పిల్లను పక్కింట్లో పడుకోబెట్టి, ఎడ్లను తోలుకుని చేలోకి వెళ్లింది. తనే కాడి ఎత్తింది, తనే పలుపులు ముడేసింది, తనే కర్రు నేలకి ఆనించి మేడి పట్టింది. "హై" అంది. ఎడ్లు కదల్లేదు. మళ్లీ అంది. మైలెద్దు అటు లాగింది, పుల్లెద్దు ఇటు తిరిగింది, రెండూ కొమ్ములు రాసుకున్నాయి. అదిలించింది, బతిమాలింది, చివరికి తిట్టింది. ఊహూఁ.

ఎందుకు కదల్లేదో ఆవిడకి ఆ తర్వాత గానీ తెలియలేదు. కాడికి కట్టే ఎడ్లలో కుడివైపుది వలపటిది, ఎడమవైపుది దాపటిది. చిన్నప్పుడు ఏ పక్క అలవాటైతే జీవితమంతా ఆ పక్కే. పక్క మారిస్తే ఒక్క అడుగు వెయ్యవు. ఆ సంగతి సీతారావమ్మకీ తెలుసు. తెలిసే కట్టింది. కాకపోతే ఆవిడ ఆ ఎడ్లను ఎప్పుడూ ఎదురుగా నిలబడి చూసింది. గాటి దగ్గర ఇవతల నిలబడి గడ్డి వేసేటప్పుడైనా, చేలోకి అన్నం తీసుకెళ్తుంటే ఎదురొచ్చేటప్పుడైనా, ఆవిడకి కనపడింది వాటి మొహాలే. మైలది తన కుడిచేతివైపు ఉండేది కాబట్టి అది వలపటిదే అనుకుంది. వెనక నిలబడి చూసే భాగ్యం ఎవరిచ్చారు గనక! ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ కట్టేసింది.

ఆ తికమకలో తెల్లవారిపోయింది. కూలికి వెళ్లే ఆడవాళ్లు చూశారు. ఊళ్లోకి కబురు పోయింది. అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది ప్రమీలారాణి. తమ్ముడు పోయి ఆర్నెల్లు కాలేదు, మనిషి ఇంకా మామూలు కాలేదు. "మా తమ్ముణ్ణి మింగింది చాల్లేదటే! ఊరి వానని కూడా మింగుతావా?" అని కేకలు పెడుతూ, సీతారావమ్మ చేతుల్లోంచి మేడిని గుంజేసింది. గుంజి, ఆ మేడినే పట్టుకుని నిలబడి భోరుమంది. మగవాళ్లు వచ్చి ఎడ్లను విప్పారు. సీతారావమ్మ గట్టు మీద కూర్చుండిపోయింది. ఒక్క నాగటి చాలు కూడా పడలేదు.

పోనీ అక్కడితో అయిపోయిందా? ఆ ఏడు వాన ఎత్తేసింది. ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది, చుక్క లేదు. ఊరంతా ఒకటే మాట. అసలావిడ దున్నలేదు కదయ్యా అని ఒకరిద్దరు అనకపోలేదు. "ముట్టుకుంటేనే ఇంతైంది, దున్ని ఉంటే ఇంకేమయ్యేదో" అని వాళ్ల నోరు మూయించారు. మా ఊళ్లో తర్కానికి లోటు లేదు. అదిగో, అప్పట్నించీ మబ్బు కాస్త మొండికేస్తే చాలు, ప్రమీలారాణి నోట సీతారావమ్మ పేరు వచ్చేది. పెళ్లిళ్లలో వచ్చేది, పేరంటాల్లో వచ్చేది, తిరపతమ్మ తిరునాళ్లలో బండ్ల దగ్గర కూడా వచ్చేది. సీతారావమ్మ మాట పడే మనిషి కాదు. బేరగాణ్ణి దులిపేస్తుంది, కరెంటాఫీసులో బల్ల గుద్దుతుంది. వదిన దగ్గర మాత్రం నోరు విప్పేది కాదు. చచ్చిపోయినవాడికి తోడబుట్టింది కదా అని ఊరుకునేది.

ఊరుకున్నంత మాత్రాన మండకుండా ఉంటుందా? మండేది. వంటింట్లో మజ్జిగ చిలుకుతూ ఒంటరిగా అనుకునేది: "దున్ని ఉంటే పడొచ్చు. దున్నకుండానే పడాల్సొచ్చిందే!" దొంగతనం చెయ్యకుండానే దొంగ పేరు మోసినట్టు. ఒక్కసారి, ఒక్క చాలైనా తోలి ఉంటే ఆ పేరుకో అర్థం ఉండేది.

ఈలోగా ట్రాక్టర్లొచ్చాయి. సీతారావమ్మ ఫోను చేసి ట్రాక్టరు పిలిపించి, గట్టు మీద నిలబడి ఇట్టా తోలు, అట్టా తోలు అని అరిస్తే భూదేవి ఏమీ అనలేదు. ట్రాక్టరంటే భూదేవికి కూడా భయమేమో! ఎడ్లు వెళ్లిపోయాయి. భవానీప్రసాద్ నాగలికి చెదలు పట్టింది. చెదలు తినగా మిగిలింది ఒకనాడు నీళ్ల పొయ్యిలోకి వెళ్లింది. మిగతా ఇళ్లలోనూ అదే వరస. ఊరు మొత్తం గాలించినా ఒక్క అరక లేదు. ఇక ఈ జన్మకింతే, మేడి పట్టని చెయ్యిగానే కాటికి పోతానని సీతారావమ్మ ఖాయం చేసుకుంది.

ఈ ఏడు మృగశిర పొడిగా వెళ్లిపోయింది. పత్తి విత్తనాల ప్యాకెట్లు పంచలో అలాగే ఉన్నాయి. ఆ సాయంత్రం అరుగు మీద నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉండగా ప్రమీలారాణి ఆకాశం వైపు చూసి, "ఆ ఏడు కూడా ఇట్టాగే ఉండేది. మన సీత మేడి ముట్టుకున్న ఏడు" అంది. డెబ్బై దాటినా ఆవిడకి ఆ ఏడు మాత్రం మరపు రాలేదు. సీతారావమ్మ లేచి ఇంట్లోకి వెళ్లి, చేట తీసుకుని కందులు చెరగడం మొదలుపెట్టింది. అప్పుడే కూతురు ఫోను చేసింది.

"అమ్మా, ఇవాళ మా స్కూలు పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లామో తెలుసా? చిల్లకల్లు దాటాక హైవే పక్కన పల్లె ముంగిలి అని కొత్తగా పెట్టారు. పాతకాలం ఊరంతా ఉందమ్మా. కుండలు చేసేవాళ్లు, మగ్గం నేసేవాళ్లు, అందరూ నిజంగా పని చేస్తుంటారు. బొమ్మలు కాదు, మనుషులే."

"మనుషులు పని చేస్తుంటే చూడ్డానికి టికెట్టా? మన చేలోకి రమ్మను, ఊరికే చూపిస్తా."

"అబ్బా, వినమ్మా. అరక కూడా ఉంది. నిజం ఎడ్లు. మా పిల్లలతో దున్నించారు."

సీతారావమ్మ చేతిలో చేట ఆగిపోయింది. "ఆడపిల్లలతోనా?"

"కాదు, మగపిల్లలతో. ఆడపిల్లలు తిరగలి తిప్పారు, కవ్వం చిలికారు. మా అమ్మాయిలు ఒకటే గొడవ, మాకెందుకు ఇవ్వరని."

"మంచి గొడవే. ఎల్లుండి ఆదివారం కదా, నేనొస్తున్నా. గేటు దగ్గరుండు."

"ఎందుకమ్మా ఈ ఎండల్లో..."

సీతారావమ్మ అప్పటికే ఫోను పెట్టేసింది. రాజ్యశ్రీ తల్లిని ఎరిగిన పిల్ల. మళ్లీ చేసి వద్దని చెప్పే పని పెట్టుకోలేదు.

ఆదివారం పొద్దున్నే సీతారావమ్మ ముతక నేత చీర కట్టుకుని, ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ల జీరో టికెట్టు మీద జగ్గయ్యపేట చేరింది. అక్కడ నందిగామ బస్సెక్కి, కండక్టరుతో పోట్లాడి, స్టాపు కాని చోట ఆపించి దిగింది. గేటు దగ్గర రాజ్యశ్రీ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది.

లోపల బాగానే కట్టారు. మామిడితోట మధ్యలో తాటాకు ఇళ్లు, అలికిన వాకిళ్లు, ముగ్గులు. బండి పక్కన నిలబడి జనం సెల్ఫీలు దిగుతున్నారు. కాగితం గ్లాసుల్లో రాగిజావ పోస్తున్నారు. మధ్యలో రెండు బోర్డులు: ఒకటి 'స్త్రీల పనులు', బాణం గుర్తు ఎడమకి. రెండోది 'పురుషుల పనులు', బాణం గుర్తు కుడికి. సీతారావమ్మ ఆ బోర్డులు చదివి కుడివైపుకి నడిచింది.

"అమ్మమ్మ గారూ, ఇటండీ! తిరగలి ఇటుంది" అని పరికిణీ కట్టుకున్న గైడు పిల్ల వెనకాలే వచ్చింది.

"తిరగలి ఇంట్లో తిప్పీ తిప్పీ వచ్చానే తల్లీ. మళ్లీ టికెట్టు పెట్టి తిప్పమంటావా?" అంది సీతారావమ్మ, ఆగకుండానే.

తోట చివర నీళ్లు పెట్టి పదును చేసిన మడి ఒకటుంది. అందులో నల్లెద్దు, బొల్లెద్దు కట్టిన అరక. మేడి దగ్గర తలపాగా చుట్టుకున్న పెద్దాయన. ఆయన పేరు వెంకటరత్నం. పక్క ఊరే, ఎడ్లు ఆయనవే. ఆ చుట్టుపక్కల మిగిలిన ఆఖరి జత అదేనట. కళ్లద్దాల కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు మేడి పట్టుకోవడం, ఆయన వాళ్ల చేతుల మీద చెయ్యి వేసి నాలుగడుగులు నడిపించడం, వాళ్లు ఫొటో దిగి వెళ్లిపోవడం. సీతారావమ్మ కాసేపు చూసింది. నాగలి వాసన వచ్చింది. తడిమట్టి, చెమట, ఎడ్ల పేడ కలిసిన వాసన. మొగుడు చేలోంచి వచ్చినప్పుడు వచ్చేది. ఆవిడ ఇక ఆగలేదు. చెప్పులు విడిచి మగవాళ్ల వరసలో నిలబడింది.

"అమ్మా!" అంది రాజ్యశ్రీ.

"నువ్వు గొడుగు పట్టుకుని అక్కడే ఉండు."

వరసలో ఆవిడ వంతు వచ్చేసరికి పల్లె ముంగిలి పెట్టినాయన ఉదయభాస్కర్ కూడా వచ్చాడు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. తన డబ్బూ స్నేహితుల డబ్బూ పోసి, ఊరూరా తిరిగి సామాను పోగుచేసి ఇదంతా కట్టాడు. మర్యాదస్తుడు. చేతులు జోడించి నమస్కారం పెట్టాడు.

"అమ్మా, తప్పుగా అనుకోకండి. ఇక్కడ మేం పెట్టుకున్న నియమం ఒకటుందండీ. అప్పట్లో ఏది ఎలా జరిగేదో అలాగే చూపించాలని. ఆడవాళ్లు దున్నేవారు కాదు కదండీ. నాకిష్టమై పెట్టింది కాదు, జరిగిన చరిత్రే అది."

"ఏ చరిత్రండీ? నేనెరిగిన చరిత్రలో ఒక ఆడది మేడి పట్టింది. ఊరంతా పరిగెత్తుకొచ్చి లాక్కున్నారు. మరి అది మీరు చూపించటల్లేదేం?" సీతారావమ్మ గొంతు పెద్దదే, ఇంకాస్త పెంచింది. "పోనీ అదే చూపిద్దాం. నేను మేడి పడతా. మీరు అటునించి పరిగెత్తుకొచ్చి లాక్కోండి. ఉన్నది ఉన్నట్టు చూపించినట్టవుద్ది. రండి!"

వరసలో ఉన్న కుర్రాళ్లు నవ్వారు. ఉదయభాస్కర్ నవ్వలేదు. ఆవిడ మొహం వైపు చూశాడు, ఆవిడ చేతుల వైపు చూశాడు. ఆ ఆడది ఎవరో ఆయనకి అర్థమైంది.

"నేను లాక్కోలేనండీ" అన్నాడు నెమ్మదిగా.

"అయితే పక్కకి జరగండి."

ఆయన జరిగాడు. కానీ ఎడ్లు జరగవుగా! వెంకటరత్నం మేడి వదల్లేదు.

"సారు ఒప్పుకుంటే సరిపోద్దా అమ్మా? ఎడ్లు నాయి" అన్నాడు. "మృగశిర పోయింది. మా ఊళ్లో చుక్క పడలా. నాకో మూడెకరాలుంది, ఆకాశం వంక చూస్తా కూర్చున్నా. రేపు ఎవరన్నా వచ్చి నీ ఎడ్లెనకాల ఆడమనిషి నిలబడ్డదంటగా, అందుకే వాన పోయిందంటే నేనేం చెప్పుకోను?"

సీతారావమ్మకి కోపం రాలేదు. చరిత్ర, నియమం అని తిప్పి చెప్పకుండా, భయంగా ఉందని సూటిగా చెప్పిన మనిషి. ఆ భయం ఎలాంటిదో ఆవిడకి తెలుసు. తన పంచలోనూ విత్తనాల ప్యాకెట్లు ఉన్నాయి. ఎడ్లకేసి చూస్తూ నిలబడి అడిగింది:

"అన్నయ్యా, వీటిలో వలపటిది ఏది? నల్లదా, బొల్లిదా?"

వెంకటరత్నం ఉలిక్కిపడి చూశాడు. ఇన్ని నెలల్లో ఎంతోమంది వచ్చారు. ఎద్దు పొడుస్తుందా అని అడిగారు, పేరేంటని అడిగారు, రోజుకెంత తింటుందని అడిగారు. ఇది ఎవరూ అడగలేదు.

"నల్లది వలపటిదమ్మా. ఎందుకడిగారు?"

"నేనోసారి తిరగేసి కట్టా."

ఆవిడ చెప్పింది. గాటి దగ్గర ఎదురుగా నిలబడి చూసిన సంగతీ, ఎడమది కుడికి కట్టిన సంగతీ, ఎడ్లు రెండూ కొమ్ములు రాసుకుని ఒకదాన్నొకటి తోసుకున్న సంగతీ. చెబుతుంటే ఆవిడకే నవ్వొచ్చింది. వెంకటరత్నం ముందు మీసాల్లో నవ్వాడు, తర్వాత తలపాగా తీసి మొహం తుడుచుకుంటూ గట్టిగా నవ్వాడు. "కదలవమ్మా! చచ్చినా కదలవు! మా నాయనంతటివాడు పక్క మార్చి కట్టి సాయంత్రం దాకా కూర్చున్నాడు."

"నవ్వావు కదా, ఇక ఇవ్వు. వాన రాకపోతే నా పేరు చెప్పు. వత్సవాయి అవతల సీతారావమ్మని ఊరూ పేరూ చెప్పు. ఆ నింద నాకు కొత్త కాదు, ఇంకో గంప నెత్తినేసుకుంటా."

"వస్తేనో?"

"వస్తే నీ ఎడ్ల పుణ్యం."

వెంకటరత్నం ఆకాశం వైపు చూశాడు. తెల్లగా, ఖాళీగా ఉంది. ఎడ్ల వైపు చూశాడు. తర్వాత మేడి వదిలి ఒక్కడుగు పక్కకి వేశాడు. "పట్టండమ్మా" అన్నాడు.

సీతారావమ్మ కొంగు నడుంలో దోపి, ఎడ్ల వెనక నిలబడింది. ముప్పై అయిదేళ్లకి పైగా కిందట మసక చీకట్లో నిలబడ్డదీ ఇలాంటి చోటే. అప్పుడు హడావిడిలో ఏమీ కనపడలేదు. ఇప్పుడు కనపడింది. ఎడ్ల వీపులు, ఊగే తోకలు, కాడి, దాని మీదుగా మడి చివరిదాకా సాగిన నేల. ఆయన రోజూ చూసింది ఇదన్నమాట అనుకుంది. ఎక్కువేళ్లు కాపరం చేయకపోయినా, పక్కనున్న ఆ నాలుగేళ్లలోనైనా, ఆయన ఏం చూసేవాడో తనకి తెలియనే లేదు. కళ్లు మండాయి. ఏడవడానికి ఇది సమయం కాదని గట్టిగా చెప్పుకుని మేడి మీద చెయ్యి వేసింది.

"చెయ్యి పట్టుకోనా అమ్మా?" అన్నాడు వెంకటరత్నం.

"వద్దు. పగ్గం కూడా ఇటివ్వు. హై!"

ఎడ్లు కదిలాయి.

అవి కదిలిన క్షణాన ఆవిడ నోట "అమ్మో" అనే మాట వచ్చింది. మేడి బతికున్నదానిలా చేతిలో గింజుకుంది. కాస్త వదులుగా పట్టేసరికి కర్రు పైకి లేచి నేల మీద గీరుకుంటూ పోయింది. నొక్కేసరికి లోపలికి దిగబడి ఎడ్లు ఆగిపోయాయి. వెంకటరత్నం పక్కనే నడుస్తూ, కర్రుకి రాయి తగిలినప్పుడు మాత్రం "ఊఁ" అన్నాడు. ఆ మధ్యలో ఎక్కడో అరచేతికి అందింది, ఇంతే నొక్కాలి, ఇంతకు మించి కాదని. మట్టి రెండు పక్కలకీ విచ్చుకుంది. చల్లటి మట్టి పాదాల మీద పడింది. చాలు పడుతోంది. వంకరగా పడుతోంది, కానీ పడుతోంది!

మడి చివరికి చేరేసరికి ఒళ్లంతా చెమట. జనం చప్పట్లు కొట్టారు. ఉదయభాస్కర్ దగ్గరికి వచ్చి, "చాలా బాగుందమ్మా, రండి, నీడన కూర్చోండి" అన్నాడు.

"ఒక్క చాలుకి మేడి వదిలేస్తే దున్నినట్టా? ఇప్పుడేగా మొదలెట్టింది. అన్నయ్యా, వీటిని మళ్లేయడం ఎట్టాగో చెప్పు."

ఆవిడ ఎడ్లను మళ్లేసింది. రెండో చాలు మొదటిదానికంటే తిన్నగా వచ్చింది. వరసలో కుర్రాళ్లు విసుక్కున్నారు, విసుక్కుని రాగిజావ తాగడానికి పోయారు. స్త్రీల పనుల వైపునించి ఒక్కొక్కరే తిరగళ్లు వదిలేసి వచ్చి మడి గట్టు మీద నిలబడ్డారు. రాజ్యశ్రీ గొడుగు ఎప్పుడో పారేసింది. ఒక చేత్తో ఫోను పట్టి వీడియో తీస్తూ, రెండో చేత్తో కళ్లు తుడుచుకుంటోంది. మడి సగం అయ్యాక సీతారావమ్మ మేడి వదిలింది. అరచేతులు బొబ్బలెక్కాయి. వాటిని చూసుకుని చిన్నపిల్లలా మురిసిపోయింది.

"ఆ వీడియో మన చుట్టాల గ్రూపులో పెట్టు" అంది కూతురితో, బస్సెక్కబోతూ.

"అందులో అత్తయ్య కూడా ఉంటుందమ్మా."

"అందుకే పెట్టమంటున్నా."

వీడియో చూసి చుట్టాలు రకరకాల బొమ్మలు పెట్టారు. ప్రమీలారాణి సంగతి వేరు. ఎప్పుడూ సాయంత్రానికి అరుగు మీదికి వచ్చే మనిషి, రావడం మానేసింది. ఆకాశం అలాగే ఉంది. సీతారావమ్మ పైకి గుంభనంగానే తిరిగింది గానీ, రోజూ పొద్దున్నే లేచి ముందు మబ్బుకేసి చూసేది. తన విత్తనాల కోసం ఒకసారి, వెంకటరత్నం మూడెకరాల కోసం ఒకసారి.

ఆ వారం తిరక్కముందే వాన పడింది. పడింది అంటే చాలదు. మధ్యాహ్నం మొదలై వీధి కాలవలు ఏకమయ్యేదాకా కురిసింది. ఊళ్లో ఎవరూ సీతారావమ్మ పేరెత్తలేదు. వాన పోయినప్పుడు పేరు పెట్టడానికి మనిషి కావాలి, వచ్చినప్పుడు దేవుడున్నాడుగా.

వాన కాస్త సన్నబడ్డాక ప్రమీలారాణి గొడుగేసుకుని, గోడ పట్టుకుంటూ వచ్చి పంచలో కూర్చుంది. సీతారావమ్మ మంచినీళ్లిచ్చింది. ఇద్దరూ చూరు నీళ్లకేసి చూస్తూ కూర్చున్నారు.

"వీడియో చూశానే సీతా."

"చూస్తావనే పెట్టించా వదినా. వాన రాకపోతే నా పేరు చెప్పేదానివిగా. వచ్చింది. ఇప్పుడెవరి పేరు చెబుతావు?"

ప్రమీలారాణి మంచినీళ్ల గ్లాసు కింద పెట్టింది. తన అరచేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని వాటికేసి చూసుకుంది. తలెత్తకుండానే అంది:

"ఆ రోజు నా చేతులు కూడా దానిమీద పడ్డాయి గదే."

"తెలుసు."

"నీ దగ్గర్నించి గుంజి నేనే పట్టుకు నిలబడ్డా. ఏడుపులో ఎవరూ చూసుకోలేదు. ఆ ఏడు వాన పోయింది నీవల్లో నావల్లో నాకేం తెలుసే? ఎక్కడ ఎవరు గుర్తు చేసుకుంటారో అని, మబ్బు మొండికేసినప్పుడల్లా ముందు నీ పేరెత్తేదాన్ని."

సీతారావమ్మకి కోపం వచ్చింది. మామూలు కోపం కాదు, ఇన్నేళ్లదీ ఒక్కసారే వచ్చింది. పెళ్లిళ్లలో పడిన మాటలు, తిరునాళ్లలో దించుకున్న తల, అన్నీ గొంతులోకి వచ్చాయి. నోరు తెరిచింది. ఎదురుగా వదిన ఇంకా తన చేతులకేసే చూసుకుంటోంది. ఈవిడ నా మీదకి తోసేసి సుఖంగా ఉందనుకున్నానే, తనూ మోస్తూనే ఉందా అనుకుంది. అయినా కోపం పోలేదు. పోకపోయినా నోట వచ్చిన మాట వేరు.

"ఆదివారం ఎనిమిది గంటల బస్సు. ఆధార్ కార్డు మర్చిపోకు. పాత చీర కట్టుకో, మట్టవుద్ది."

"నేనా! ఈ వయసులోనా? జనం ఏమంటారే?"

"వాన పోద్దంటారు. ఇదుగో, కురుస్తానే ఉందిగా."

ప్రమీలారాణి కొంగుతో మొహం తుడుచుకుంది. గొడుగు తీసుకుని, మెట్టు దిగబోయి ఆగింది.

"సీతా, వీడియోలో ఆ నల్లెద్దు ఉంది చూడు. అది వలపటిదా, దాపటిదా?"

"ముందునించి చూస్తే తెలియదు వదినా" అంది సీతారావమ్మ. "వెనక నిలబడితే తెలుస్తుంది."